తొమ్మిది కంప్యూటర్లకు ఒక్క తోడు

మా బడిలో కంప్యూటర్ గది తాళంచెవి ఎక్కడుందో నేను చేరిన నాటికి ఎవరికీ తెలియదు. మోత్కూర్‌కు కొద్ది దూరంలో ఉన్న ఊరు అది. రాష్ట్రం వచ్చిన కొత్త. బడి బోర్డు మీద తెలంగాణ పేరు కొత్త రంగుతో మెరుస్తోంది కానీ, వెనకున్న ఆ గది మాత్రం ఇంకా పాత రాష్ట్రంలోనే ఉండిపోయింది. తాళం పగలగొట్టించి లోపలికి వెళ్తే పదకొండు కంప్యూటర్లు, వాటి మీద పూల గుడ్డలు, గుడ్డల మీద వేలితో పేరు రాయగలిగినంత దుమ్ము. ఎప్పుడో ఏదో పథకంలో వచ్చాయట. నేర్పడానికి వచ్చిన కాంట్రాక్టు సారు పథకంతో పాటే వెళ్లిపోయాడట.

నేను లెక్కల టీచర్ని. కంప్యూటర్ నా సబ్జెక్టు కాదు. కానీ మూసి ఉన్న డబ్బా కనిపిస్తే మూత తీయకుండా ఉండలేను, చిన్నప్పటి నుంచీ అదే జబ్బు. ఒకదానికి ప్లగ్గు పెట్టి స్విచ్ వేశాను. పాపం, అది మేలుకుంది. తెర మీద మొదటి బొమ్మ వచ్చేసరికి నేను తొమ్మిదో తరగతి హాజరు తీసుకుని వచ్చాను. మౌస్ జరిపితే బాణం వెంటనే కదలదు. మన మాట విని, ఆలోచించి, ఇష్టమైతే కదులుతుంది. మా తాతను మంచం మీంచి లేపి పొలానికి పంపడం ఇంతకంటే తేలిక.

నల్లగొండ నుంచి మెకానిక్‌ను పిలిపిస్తే మూత విప్పి చూసి నవ్వాడు. ఒక్కోదానిలో రెండు వందల యాభై ఆరు ఎంబీ మెమొరీ ఉందట. మెమొరీ అంటే కంప్యూటర్ పని చేసుకునే బల్ల, సామాన్లు దాచుకునే అటక వేరే ఉంటుంది. ఈ బల్ల మీద కంచం పెడితే గ్లాసు పెట్టే జాగా లేదన్నమాట. నా చేతిలో ఉన్న పగిలిన ఫోను బల్ల దీనికంటే చాలా పెద్దది.

"గీటికి మెమొరీ ఇప్పుడు యాడ దొరకది మేడం. పాత సామాన్లోనికి వెయ్యుండ్రి," అని చాయ్ తాగి వెళ్లిపోయాడు.

ఆ గది మీద ఇంకొకరి కన్ను కూడా ఉంది. బడిలో మధ్యాహ్నం భోజనం వండే అక్కది. నేను కిరాయికున్న గది ఆమె ఇంటి పక్కనే. మా ఆయన షాద్‌నగర్ దగ్గర ఒక కంపెనీలో పని చేస్తూ ఆదివారానికి చుట్టపుచూపుగా వచ్చేవాడు కాబట్టి, వారంలో ఆరు రోజులు నాకు ముచ్చట్లకూ పోట్లాటలకూ అక్కే దిక్కు. ఆమె చదువుకోలేదు. కానీ బడిలో ఎవరు కారం తినరో, ఎవరు పప్పు ముట్టరో, ఎవరు ఇంట్లో తినకుండా వచ్చారో మొహం చూసి చెప్పేది. నా హాజరు పుస్తకం కంటే అదే నిఖార్సైన లెక్క.

మా మొదటి తగవు పెరుగు దగ్గర వచ్చింది. ఊళ్లో దిగిన వారంలోనే ఒక సాయంత్రం పాలు కాచుకుని, తోడు కోసం గిన్నె పట్టుకుని ఆమె గుమ్మంలో నిలబడ్డాను.

"దీపాలు వెట్టినంక తోడు ఇయ్యరు టీచరమ్మా. పొద్దుగాల రా," అంది.

"చెంచాడు పెరుగే గదా అక్కా?"

"చెంచాడైనా, కుండెడైనా. ఇంట్లున్న లచ్చిమి పోతది."

పెరుగుకూ లక్ష్మికీ ఏమిటి సమీకరణం అని వాదించాను. ఆమె తలుపు దగ్గరకు వేసుకుంది. ఆ పూట పాలన్నం తిని పడుకున్నాను. తెల్లారి నేను లేవకముందే నా గుమ్మంలో గిన్నె, గిన్నెలో తోడు ఉన్నాయి.

అసలు తగవు గది గురించి. బడి బియ్యం వరండా చివర రేకుల గదిలో ఉండేవి. బడికి సన్నబియ్యం ఇవ్వడం మొదలయ్యాక ఎలుకలకు కూడా రుచి తెలిసింది. అక్క రోజూ కొరికిన సంచులు కుట్టుకుంటూ నన్ను దెప్పేది.

"నా బియ్యానికి జాగ లేదు, నీ సచ్చిన టీవీలకు పక్కా రూమా? గవి అన్నం వెడ్తయా?"

"అన్నం పెట్టవక్కా, చదువు పెడతాయి."

"చదువు గూడ కడుపు నిండినంకనే ఎక్కుతది."

ఎదుటివాళ్ల మాట నిజమైనప్పుడే నాకు పంతం ఎక్కువవుతుంది.

మా హెడ్మాస్టర్ సారు మెత్తని మనిషి. ఇద్దరాడవాళ్ల మధ్య నలిగి నలిగి చివరకు ఒక గడువు పెట్టాడు. "దసరా సెలవుల ముందు ఆఖరు రోజు రెండు గంటలకు వచ్చి చూస్త మేడం. పిల్లలు కూసొని పని చేస్తుంటే రూము మీది. లేకుంటే తెల్లారి బియ్యం ఆటో వస్తది, రూము అక్కది."

నా పంతానికి ఒక కారణం ఉంది, చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే. ట్రైనింగ్ కాలేజీలో మొదటిసారి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి మౌస్ చేతికిస్తే, దాన్ని ఎత్తి తెరకు ఆనించి జరిపాను. క్లాసంతా నవ్వింది. ఆ నవ్వు నా చెవుల్లో ఇంకా ఉంది. మా బడి పిల్లలు గొర్లు, మేకలు కాసుకునే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు. రేపు ఏ జడ్చర్ల కంపెనీలోనో, ఏ కాలేజీలోనో వాళ్లను చూసి ఎవరూ అలా నవ్వకూడదనుకున్నాను. నాకు కావలసింది అంతే.

మోత్కూర్ సంత దగ్గర మిక్సీలు, రేడియోలు, సెల్‌ఫోన్లు బాగుచేసే ఒక భాయ్ ఉండేవాడు. నా మిక్సీ గిన్నె తీసుకుని వెళ్లినప్పుడు గోడు వెళ్లబోసుకున్నాను. ఆయన స్క్రూ తిప్పడం ఆపకుండానే విన్నాడు.

"మేడం, బక్క ఎద్దుకు లారీ కట్టిన్రు. ఎద్దును తిట్టుడెందుకు? బండి మార్చుండ్రి, నడుస్తది."

బండి అంటే ఆపరేటింగ్ సిస్టం. లైనక్స్ జాతిలో అతి చిన్నది ఒకటి ఉందట, మొత్తం వంద ఎంబీ కూడా ఉండదట. భాయ్ దాన్ని ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాడు. పెన్‌డ్రైవ్ గుచ్చి స్విచ్ వేస్తే సిస్టం మొత్తం మెమొరీలోకి ఎక్కి కూర్చుంటుంది. ఎక్కాక పెన్‌డ్రైవ్ పీకేసి రెండో కంప్యూటర్‌కు పెట్టుకోవచ్చు. పదకొండింటికీ ఒక్కటి చాలు.

"జర ఒక్క మాట. కరెంట్ పోతే లోపలున్నదంతా గాయబ్. మళ్ల మొదటికెల్లి వెట్టాలె. పెన్‌డ్రైవ్ మాత్రం పైలం, జాగ్రత్తగ వెట్టుకోండ్రి. మిగిలింది ఫికర్ జేయకుండ్రి."

మర్నాడు మొదటి కంప్యూటర్‌లో గుచ్చాను. హాజరు పుస్తకం చేతిలోకి తీసుకునేలోపే తెర మీద బొమ్మలు వచ్చేశాయి. మౌస్ కదిలిస్తే బాణం కదిలింది! నేను అరిచిన అరుపుకు అక్క చిక్కుడుకాయలు వదిలేసి కిటికీ దగ్గరకు వచ్చింది. పెన్‌డ్రైవ్ తీసి రెండో దానికి, రెండో దాని నుంచి మూడో దానికి పెట్టడం కాసేపు చూసింది.

"అంటే తోడు లెక్కన్నట్టు. ఒక్క చెంచ తోని కుండలన్ని తోడుకుంటున్నయ్," అంది.

నేను అంతకుముందే ఎనిమిదో తరగతికి పావుగంట చెప్పి అర్థం చేయించలేని సంగతి అది.

రెండు మిషన్లు ఎంతకీ లేవలేదు. వాటి మెమొరీ పట్టీలు పీకి మిగతావాటికి పెట్టాను. ఆ పట్టీల అంచున పసుపుపచ్చ గీతలుంటాయి, మకిలి పడితే పని చేయవు. భాయ్ చెప్పినట్టు పిల్లల దగ్గర రబ్బర్లు అడుక్కుని, వాటిని రుద్ది రుద్ది మెరిపించాను. అక్క అదీ చూసింది.

"గదెందుకు రాకుతున్నవ్?"

"మకిలి పోతే మంచిగ నడుస్తయక్కా," అన్నాను. ఈ మాట నాకు ఎక్కడ తగిలిందో తర్వాత చెప్తాను.

తొమ్మిది కంప్యూటర్లు లేచాయి. కానీ అందులో తెలుగు లేదు. తెలుగు పాఠం తెరిస్తే తెర నిండా చిన్న చిన్న డబ్బాలు, ఇటుకల బట్టీలో వరస పేర్చినట్టు. బరువు తగ్గించడానికి కూర్చున్న మహానుభావుడు ముందుగా పారేసింది మా భాషనే! నాకు ఒళ్లు మండింది. మూడు ఆదివారాలు కూర్చున్నాను. ఫోనులోని నెట్‌తో తెలుగు అక్షరాలు తెచ్చి పెట్టాను, తెలుగులో కొట్టే పద్ధతి పెట్టాను, పిల్లలు రాసిన లెక్కలు, కథలు, వేసిన బొమ్మలు అన్నీ ఆ పెన్‌డ్రైవ్‌లోనే దాచాను. మా ఆయన వారానికొక్కరోజు వచ్చి, ఉల్లిగడ్డలు తానే కోసుకుని, "గా కంప్యూటర్‌నన్న పెండ్లి జేస్కోకపోయినవ్," అని సణుక్కుంటూ వండుకుని తిన్నాడు. తెరలో మొదటి "అ" కనబడిన రోజు ఆయనకు కూర కూడా నేనే వండాను.

ఆఖరు రోజు వచ్చింది. దసరా నాడు బడికి సెలవు కాబట్టి మా దగ్గర పనిముట్ల పూజ ముందుగానే కానిచ్చేస్తాం. మైదానంలో ఆడపిల్లలు బతుకమ్మ పేరుస్తున్నారు. వరండాలో పీట వేసి అక్క గరిటెలు, కత్తిపీట, సైన్సు టీచర్ త్రాసు, నా పెద్ద కంపాస్ అన్నీ కడిగి, పసుపు కుంకుమ పెట్టడానికి పళ్లెంలో సర్దుతోంది. నేను ఉదయాన్నే ఒక్క కంప్యూటర్ వేసి సరిగా ఉందో లేదో చూసుకుని, పెన్‌డ్రైవ్ పీకాను. ఏ దయ్యం పట్టిందో, దాన్ని కూడా తీసుకెళ్లి ఆ పళ్లెంలో పెట్టాను. ఈ నెల రోజులు నాకు పనిముట్టు అదే గదా, దానికీ ఒక బొట్టు పడనీ అనుకున్నాను. పెట్టి, గోడెక్కిన మగపిల్లలను తిట్టడానికి పోయాను.

తిరిగి వచ్చేసరికి పూజ అయిపోయింది. పళ్లెంలో నా పెన్‌డ్రైవ్ వెండి కాసులా మెరుస్తోంది. చివర కుంకుమ బొట్టు. చుట్టూ నీటి చుక్కలు.

"సూడు టీచరమ్మా, ఎట్ల మెరుస్తాందో! చింతపండు వెట్టి తోమిన," అంది అక్క మురిసిపోతూ.

పూజకు ముందు పనిముట్టును కడగాలి. ఇత్తడైనా ఇనుమైనా చింతపండుతో తోమాలి. ఆమె చేసింది అదే. నేనేం చేశాను? ఆరబెట్టనైనా లేదు. పరుగెత్తుకెళ్లి తడి తడిగానే రెండో కంప్యూటర్‌లో గుచ్చాను. చిన్న వెచ్చదనం, కొంచెం కాలిన వాసన. అంతే, అది పోయింది. మూడు ఆదివారాలు, పిల్లల కథలు, తెలుగు, అన్నీ పోయాయి. భాయ్‌కు ఫోన్ చేస్తే ఎత్తలేదు. మహబూబ్‌నగర్‌లో చెల్లెలి కూతురి పెళ్లికి పోతున్నానని ముందే చెప్పాడు. బ్యాండు మోతలో ఫోనెక్కడ వినిపిస్తుంది!

ఇక నా నోరు మొదలైంది. పిల్లలు, టీచర్లు, పూలు పట్టుకున్న ఆడపిల్లలు అందరూ వింటుండగా అన్నాను: "చదువు లేనోళ్ల చేతిలో పెడితే ఇంతే! రూము కోసం కావాలనే చేసినవ్!"

అక్క చేతిలో చింతపండు ముద్ద అలాగే ఉంది. "నువ్వే గద రబ్బరు తోని రాకినవ్. మకిలి పోతే మంచిగ నడుస్తయంటివి," అంది మెల్లగా. కొంగుతో చేతులు తుడుచుకుని పొయ్యి దగ్గరకు వెళ్లిపోయింది.

నేను గదిలో కుర్చీలో కూలబడ్డాను. అన్న మాట వెనక్కి రాదు, పోయిన పని వెనక్కి రాదు. ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా. పన్నెండు దాటింది. రెండు గంటలకు సారు వస్తాడు.

కాసేపటికి కిటికీ దగ్గర అక్క గొంతు. నా వైపు చూడకుండా, తెర వైపు చూస్తూ అడిగింది.

"గా టీవీ నడుస్తనే ఉంది గద?"

ఉదయం వేసిన మొదటి కంప్యూటర్. నేను దాన్ని ఆపేయడం మరిచిపోయాను.

"నడుస్తే ఏం లాభం అక్కా. తోడే పోయింది."

"తోడు పోతే ఏమైతది? తోడుకున్న కుండ ఉన్నది గద. గా కుండల నుంచి ఓ చెంచ తీస్కుంటరు. మేం గట్లనే తీస్కుంటం."

నేను లేచి నిలబడ్డాను. సిస్టం మొత్తం మెమొరీలోకి ఎక్కి కూర్చుంటుందని భాయ్ చెప్పింది, నేను పిల్లలకు వంద సార్లు చెప్పింది ఇదే కదా! ఉదయం ఎక్కినప్పుడు తెలుగుతో సహా, పిల్లల కథలతో సహా అంతా ఎక్కింది. ఆ చిన్న బల్ల మీద నా నెల రోజుల పని మొత్తం చెక్కుచెదరకుండా ఉంది. కరెంటు ఉన్నంతసేపూ ఉంటుంది. వేరే పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుంటే చాలు.

వేరే పెన్‌డ్రైవ్ ఏదీ? బడి మొత్తానికి ఒక్కటే ఉంది, హెడ్మాస్టర్ సారు కారులో, పాత పాటలతో నిండి. వెళ్లి అడిగితే సారు పరీక్ష పేపర్ లీకు చేయమన్నట్టు చూశాడు.

"పాటలన్నీ పోతయా మేడం?"

"కొన్ని తీసేస్తే చాలు సార్."

"ఏవి తీయాల్నో నేను చెప్త," అని వచ్చి నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఒక్కో పాటకూ రెండు చరణాలు పాడి, తల అడ్డంగా ఊపి, "ఇది ఉంచుండ్రి," అనడం మొదలుపెట్టాడు. గడువు పెట్టిన మనిషే గడువును తినేస్తుంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చివరకు ఆ పాత పాటల మధ్య దూరిన నాలుగు కొత్త పాటలకు గండం వచ్చింది.

ఇక కరెంటు. రాష్ట్రం వచ్చాక కరెంటు పోవడం బాగా తగ్గింది, నిజమే. కానీ మా బడి ఫ్యూజు ఏ ప్రభుత్వం మాటా వినదు. వంటషెడ్డులో పెద్ద మిక్సీ వేస్తే చాలు, అది ఎగిరిపోతుంది. ఆరోజు పులిహోర, దాంట్లోకి ఆవ నూరాలి, పల్లీల పచ్చడి రుబ్బాలి. నేను అడగకముందే అక్క మిక్సీ వైర్ పీకేసి, చుట్ట చుట్టి మెడలో వేసుకుని వచ్చింది. మూలన పడున్న రోలు కడిగించి చేత్తోనే నూరింది. నూరుతూ, నూరుతూ, ఫ్యూజు పెట్టె వైపు ఎవరు నడిచినా గరిటె ఎత్తింది. ఇస్త్రీ పెట్టె కోసం వచ్చిన పీఈటీ సారు నలిగిన చొక్కాతోనే బతుకమ్మ చూశాడు.

కాపీ ఎంతయిందో చూపే నీలిగీత తెర మీద చీమలా పాకింది. పావు తక్కువ రెండు అయ్యేసరికి గీత చివర ముట్టింది. సారు పాటల పెన్‌డ్రైవ్‌ను రెండో కంప్యూటర్‌లో గుచ్చి స్విచ్ వేశాను. తెలుగులో "నమస్తే" వచ్చింది. మూడోది, నాలుగోది. రెండు గంటలకు తొమ్మిదింటి ముందూ పిల్లలు కూర్చుని తమ ఊరి పేరు తెలుగులో కొడుతున్నారు. సారు చూడాల్సిందేమీ మిగల్లేదు, ఆయన ఇంతసేపూ అక్కడే ఉన్నాడు.

"రూము మీదే మేడం," అన్నాడు.

అక్క తలుపు దగ్గర నిలబడి ఉంది. చేతులకు ఇంకా ఆవ ముద్ద. గెలిచినందుకు నాకు సంతోషం వేయలేదు. నన్ను గెలిపించింది ఓడిపోయిన మనిషి. "సార్, చచ్చిన రెండు మిషన్ల బల్ల ఖాళీగా ఉంది. వెనక సగం గదిలో బియ్యం పెట్టుకోవచ్చు," అన్నాను. ఎలుకలు వైర్లు కొరుకుతాయని సారు భయపడ్డాడు. తెల్లారి అక్క బియ్యంతో పాటు తన పిల్లిని కూడా తెచ్చింది. ఆ తర్వాత నాలుగేళ్లు మా పిల్లలు బియ్యం సంచుల మీద కూర్చుని, ఒళ్లో పిల్లిని పెట్టుకుని కంప్యూటర్ నేర్చుకున్నారు.

ఇంత చేసినా, అన్న మాటకు మాత్రం నేను అక్కను క్షమించమని అడగలేదు. అడగబోతే నాలుక తిరిగేది కాదు. తిట్టడానికి ముందుండే నాలుక దీనికి ఎందుకు వెనకాడుతుందో నాకు తెలియదు. బదిలీ అయ్యి వెళ్లేరోజు ఒక కాపీ నా దగ్గర ఉంచుకుని, పెన్‌డ్రైవ్ తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. "కొత్త టీచరొచ్చినంక ఇయ్యి," అన్నాను. ఆమె దాన్ని కొంగున ముడి వేసుకుంది.

జడ్చర్ల దగ్గరి కొత్త బడిలోనూ ఒక తాళం వేసిన గది ఉంది, అందులోనూ అలాంటి బక్క మిషన్లే. నా దగ్గరున్న కాపీ ఎప్పుడో చెడిపోయింది. భాయ్ దుకాణం మూసి హైదరాబాద్ వెళ్లాడు. ఒక శనివారం మధ్యాహ్నం బస్సెక్కాను, బస్సులు మారి ఆ ఊళ్లో దిగేసరికి పొద్దు గూకింది. అక్క వాకిట్లో దీపం అప్పుడే వెలిగించింది.

జుట్టు నెరిసింది. నన్ను చూసి నవ్వింది. మంచినీళ్లు ఇచ్చింది. బడికి ఇప్పుడు కొత్త కంప్యూటర్లు వచ్చాయని, కొత్త టీచరు పాతవాటి జోలికే పోలేదని, అయినా వాటిని తాను పారేయనివ్వలేదని చెప్పింది. నేను వచ్చిన పని చెప్పాను. ఆమె లోపలికి వెళ్లి పోపుల డబ్బా తెచ్చి మూత తీసింది. ఆవాల గిన్నెకూ మెంతుల గిన్నెకూ మధ్య, ప్లాస్టిక్ కవరులో చుట్టి, పైన దారం కట్టి, పెన్‌డ్రైవ్ ఉంది. తడి తగలకుండా మూడు పొరలు.

ఇన్నేళ్లకు నాలుక కదిలింది. "అక్కా, ఆరోజు నేనన్న మాట తప్పు. చాలా పెద్ద తప్పు. నీకు యాదికుందో లేదో..."

"యాదికుంది," అంది. "గందుకే దీన్ని గింత పైలంగ వెట్టిన."

నేను చేయి చాపాను. ఆమె డబ్బా మూత పెట్టేసింది.

"దీపాలు వెట్టినంక తోడు ఇయ్యరు టీచరమ్మా. తిని పండు. పొద్దుగాల తీస్కపోదువు."

ఈసారి నేను వాదించలేదు. కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లి, ఆమె వేసిన పీట మీద కూర్చున్నాను.